గేమ్ కన్సోలా, డెస్క్‌టాప్ కంప్యూటరా: ప్రాసెసర్ బలాన్ని సరిగ్గా తూచడం ఎలా

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి, కానూరులోనో వడ్డేశ్వరంలోనో సీటు ఖాయమయ్యాక విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఏటా ఒక చర్చ మొదలవుతుంది. పిల్లలు సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5 కావాలంటారు. పెద్దవాళ్లేమో, ఎలాగూ చదువుకు కంప్యూటర్ కొనక తప్పదు కాబట్టి ఆ డబ్బుకు మరికొంత కలిపి మంచి డెస్క్‌టాప్ కొంటే చదువూ ఆటా రెండూ జరిగిపోతాయి కదా అంటారు. కన్సోల్‌లో ఉన్న ప్రాసెసర్ ఆ ధరకు ఏ కంప్యూటర్‌లోనూ దొరకదని ఒకరు, ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ వేయిస్తే కన్సోల్ దాని ముందు దిగదుడుపేనని మరొకరు వాదిస్తారు. ఈ రెండు వాదాల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఏ ప్రాసెసర్‌ను దేనితో పోలుస్తున్నామో, ఏ పనిలో పోలుస్తున్నామో తేల్చుకోకుండా రెండింటిలో దేన్ని నమ్మినా డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఉంది కనుక, ఈ విషయాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు కన్సోల్ లోపల ఏముందో చూద్దాం. 2020 నవంబరులో విదేశాల్లోనూ, 2021 ఫిబ్రవరి 2న మన దేశంలోనూ అమ్మకానికి వచ్చిన ప్లేస్టేషన్ 5లో చిప్పుల కంపెనీ ఏఎమ్‌డీ రూపొందించిన ఒకే చిప్ ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ అందులోనే ఇమిడి ఉంటాయి. ప్రాసెసర్ భాగంలో జెన్ 2 తరానికి చెందిన ఎనిమిది కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), పదహారు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్నాయి. వేగం గరిష్ఠంగా 3.5 గిగాహెర్ట్జ్. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లోనూ అవే ఎనిమిది జెన్ 2 కోర్లు ఉంటాయి, వేగం మాత్రం 3.8 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది. ఈ జెన్ 2 కొత్తగా కన్సోళ్ల కోసమే పుట్టినది కాదు. 2019 జులైలో రైజెన్ 3000 వరుసగా డెస్క్‌టాప్ మార్కెట్‌లోకి వచ్చిన తరమే. కాబట్టి కన్సోల్ ప్రాసెసర్‌కు డెస్క్‌టాప్‌లో దగ్గరి బంధువు ఎవరంటే, అదే ఎనిమిది కోర్లతో వచ్చిన రైజెన్ 7 3700ఎక్స్ అని చెప్పవచ్చు.

దగ్గరి బంధువే గానీ కవల సోదరుడు కాదు. 3700ఎక్స్ అవసరమైనప్పుడు 4.4 గిగాహెర్ట్జ్ వరకు పరుగెడుతుంది. అంతకంటే ముఖ్యంగా, దానికి 32 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంటే, కన్సోల్ చిప్‌లో అది 8 ఎంబీ మాత్రమే. క్యాష్ అంటే ప్రాసెసర్‌కు పొయ్యి పక్కనే ఉండే పోపుల డబ్బా లాంటిది: కావలసిన దినుసు అందులో ఉంటే చేయి చాపితే చాలు, లేకపోతే ప్రతిసారీ అటక ఎక్కి దిగాలి. పైగా కన్సోల్‌లో ఆ అటక మరికొంత ఎత్తున ఉంటుంది. గ్రాఫిక్స్ కోసం ఎంచుకున్న జీడీడీఆర్6 మెమరీ ఒకేసారి పెద్ద మొత్తంలో సమాచారాన్ని తరలించడంలో దిట్ట అయినా, ప్రాసెసర్ అడిగే చిన్న చిన్న ముక్కలను అందించడంలో డెస్క్‌టాప్ డీడీఆర్ మెమరీ కంటే ఆలస్యం చేస్తుంది.

దీన్ని ఊహగా కాకుండా పరీక్షగా చూసే అవకాశం కూడా వచ్చింది. 2021లో ఏఎమ్‌డీ 4700ఎస్ అనే పేరుతో ఒక డెస్క్‌టాప్ కిట్ విడుదల చేసింది. ఎనిమిది జెన్ 2 కోర్లు, బోర్డుకే అతికించిన జీడీడీఆర్6 మెమరీ, పని చేయని గ్రాఫిక్స్ భాగం — ఈ అమరికను చూసి, ఇది ప్లేస్టేషన్ 5 కోసం తయారై గ్రాఫిక్స్ లోపంతో పక్కనపెట్టిన చిప్పేనని పరిశీలకులు తేల్చారు. దానికి విండోస్ ఎక్కించి నడిపి చూసినవారికి, అన్ని కోర్లూ కలిసి చేసే పనుల్లో అది గౌరవప్రదంగానే కనిపించింది; గేముల్లో మాత్రం 3700ఎక్స్ కంటే వెనకబడింది. అంటే, కన్సోల్ ప్రాసెసర్‌ను దాని పెట్టెలోంచి తీసి మామూలు కంప్యూటర్‌లో కూర్చోబెడితే, అది 2019 నాటి మధ్యస్థ శ్రేణి డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు ఒక మెట్టు కిందే నిలుస్తుంది.

ఆ తర్వాత డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఆగిపోలేదు. 2020 చివర్లో వచ్చిన జెన్ 3, అదే గిగాహెర్ట్జ్ వద్ద జెన్ 2 కంటే సగటున 19 శాతం ఎక్కువ పని చేస్తుందని ఏఎమ్‌డీ ప్రకటించింది. ఆ తర్వాత జెన్ 4, జెన్ 5 వచ్చాయి. అందుకే ఈ రోజు మధ్యస్థ శ్రేణిలో దొరికే రైజెన్ 5 5600 గానీ, ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గానీ ఆరేసి కోర్లతోనే గేముల్లో కన్సోల్ ప్రాసెసర్‌ను దాటిపోతాయి. ఎనిమిది పెద్దదా ఆరు పెద్దదా అన్న లెక్క ఇక్కడ పనికిరాదు; ఒక్కొక్క కోరు ఎంత వేగంగా పని ముగిస్తుందన్నదే గేములకు ప్రధానం. పైగా కన్సోల్‌లోని ఎనిమిదింటిలో కొంత భాగాన్ని సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కోసం పక్కన పెడతారు, గేముకు మొత్తం దక్కదు.

ఈ తేడా ఎప్పుడు కంటికి కనిపిస్తుందో అర్థం కావాలంటే గేములో ప్రాసెసర్ చేసే పని తెలియాలి. తెరపై సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కే సమయం 16.7 మిల్లీసెకన్లు, 30 ఫ్రేములు చాలనుకుంటే 33.3 మిల్లీసెకన్లు. ఆ కొద్ది వ్యవధిలో వీధిలో తిరిగే ప్రతి మనిషీ ఎటు నడవాలి, విసిరిన వస్తువు ఎక్కడ పడాలి, గ్రాఫిక్స్ చిప్ ఏయే బొమ్మలు గీయాలి అన్నవన్నీ ప్రాసెసర్ తేల్చి ఇవ్వాలి. తెర 1080పీ అయినా 4కే అయినా ఈ పని దాదాపు ఒకటే. తెర రిజల్యూషన్ పెరిగేకొద్దీ పెరిగేది గ్రాఫిక్స్ చిప్ భారం. అందువల్ల హాల్లోని 4కే టీవీలో 30 లేదా 60 ఫ్రేములతో ఆడేవారికి కన్సోల్ ప్రాసెసర్ బలహీనత చాలా గేముల్లో అసలు తెలియనే తెలియదు. జనసమ్మర్దం ఉన్న నగరాలు వచ్చే గేముల్లో మాత్రం బయటపడుతుంది. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 మొదట అడవుల్లో, గుహల్లో సాఫీగానే నడిచినా, మూడవ అంకంలో జనంతో కిటకిటలాడే నగరంలోకి అడుగుపెట్టేసరికి ప్లేస్టేషన్ 5 అరవై ఫ్రేములు నిలబెట్టుకోలేక బాగా కిందికి జారింది. అక్కడ ఇబ్బంది పడింది ప్రాసెసరే.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. 2024 నవంబరులో సోనీ ప్లేస్టేషన్ 5 ప్రోను విడుదల చేసినప్పుడు గ్రాఫిక్స్ యూనిట్లను 36 నుంచి 60కి పెంచింది. ప్రాసెసర్ విషయంలో మాత్రం అవే ఎనిమిది జెన్ 2 కోర్లను ఉంచి, వేగాన్ని సుమారు పది శాతం పెంచుకునే వీలు మాత్రమే ఇచ్చింది. తయారీదారే డబ్బును ఎక్కడ పెట్టాలనుకున్నారో దీన్ని బట్టి తెలుస్తుంది. బొమ్మ నాణ్యత గ్రాఫిక్స్ చేతిలో ఉంటుంది. కాబట్టి కన్సోల్ కొనేవారు ప్రధానంగా కొంటున్నది గ్రాఫిక్స్‌నే, ప్రాసెసర్‌ను కాదు అన్న సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఆ గ్రాఫిక్స్‌ను పోల్చేటప్పుడు చాలామంది టెరాఫ్లాప్స్ అనే కొలతను, అంటే చిప్ సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదన్న అంకెను, ముందుకు తెస్తారు. ప్లేస్టేషన్ 5కు 10.28, సిరీస్ ఎక్స్‌కు 12, కంప్యూటర్లలో వేసే ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుకు సుమారు 12.7, ఆర్ఎక్స్ 7600 కార్డుకు 21కి పైన. ఈ అంకెలను వరుసలో పెట్టి, ఆర్ఎక్స్ 7600 కన్సోల్‌కు రెండింతలని నిర్ణయిస్తే పెద్ద పొరపాటవుతుంది. ఒక్కో తరం చిప్ ఈ లెక్కను ఒక్కో తీరుగా పెంచుకుంటుంది. కాగితం మీది రెట్టింపు ఆటలో రెట్టింపుగా రాదు. ఆచరణలో 3060 ప్లేస్టేషన్ 5కు దాదాపు సమానంగా, 7600 కొంత పైన నిలుస్తాయని భావించి బడ్జెట్ వేసుకుంటే నిరాశ ఉండదు.

ఇంతవరకు చెప్పింది చదివి కన్సోల్‌ను చిన్నచూపు చూడవద్దని కోరుతున్నాను. దాని నిజమైన బలం విడిభాగాల అంకెల్లో కాకుండా అవి కలిసి పనిచేసే తీరులో ఉంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే 16 జీబీ మెమరీని పంచుకుంటాయి కాబట్టి సమాచారాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేసే శ్రమ తగ్గుతుంది. గేములను దాచే ఎస్ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీ చదువుతుంది. చదివిన ఫైళ్లను విప్పడానికి విడిగా ఒక హార్డ్‌వేర్ భాగం ఉంది కనుక ఆ భారం ప్రాసెసర్ మీద పడదు. డెస్క్‌టాప్‌లో అదే పనిని చాలా గేములు ఇప్పటికీ ప్రాసెసర్ చేతే చేయిస్తాయి. మరొకటి షేడర్ల సంగతి (వెలుగునీడలు, రంగులు ఎలా గీయాలో గ్రాఫిక్స్ చిప్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాములివి): కన్సోల్ హార్డ్‌వేర్ ఒక్కటే కాబట్టి గేము తయారీదారులు షేడర్లను ముందే సిద్ధం చేసి పంపుతారు; కంప్యూటర్లలో ఎవరి కార్డు వారిది కాబట్టి ఆ పని మన ఇంట్లోనే జరగాలి, సరిగ్గా చేయని గేముల్లో ఆట మధ్యలో క్షణకాలం ఆగి ఆగి నడుస్తుంది. కంప్యూటర్ ప్రాసెసర్ ఎంత గొప్పదైనా ఈ కుదుపు పూర్తిగా పోదు. లక్ష రూపాయల కంప్యూటర్ కొన్నవారిని కూడా నిరుత్సాహపరిచేది ఇదే.

పాత కన్సోళ్లను చూసినా ఇదే తెలుస్తుంది. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3లోని 3.2 గిగాహెర్ట్జ్ సెల్ ప్రాసెసర్ కాగితం మీద ఎంత బలమైనదంటే, అమెరికా వైమానిక దళ పరిశోధన విభాగం 2010లో సుమారు 1,760 ప్లేస్టేషన్ 3లను కలిపి ఒక సూపర్ కంప్యూటర్‌గా అమర్చుకుంది. అదే ప్రాసెసర్‌తో గేములు రాయడం మాత్రం ప్రోగ్రామర్లకు తలకు మించిన పనైంది. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో సోనీ ఆ దారి వదిలేసి, చవక ల్యాప్‌టాప్‌ల స్థాయికి చెందిన 1.6 గిగాహెర్ట్జ్ జాగ్వార్ కోర్లను ఎనిమిదింటిని పెట్టింది. అయినా ఆ తరంలో చూడచక్కని గేములకు లోటు రాలేదు.

ఇక మన ఊళ్ల షాపుల్లో జరిగే బేరం దగ్గరికి వద్దాం. గవర్నర్‌పేటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో కంప్యూటర్ షాపుకు వెళ్లి గేమింగ్‌కు కొటేషన్ అడిగితే, తక్కువ బడ్జెట్ అనగానే చేతికొచ్చే చీటీల్లో ఒక రకం ఇలా ఉంటుంది: ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. వినడానికి ఘనంగా ఉంటుంది. ఆ చీటీ మీద ప్రతి పదం పక్కన మోడల్ నంబరు రాసివ్వమని అడగండి. ఐ7 పక్కన 3770 అని వస్తే, అది 2012 నాటి నాలుగు కోర్ల ప్రాసెసర్. కార్యాలయాల నుంచి వచ్చిన పాత సిస్టమ్‌లను శుభ్రం చేసి అమ్మే రీఫర్బిష్డ్ సరుకులో ఇది విరివిగా కనిపిస్తుంది. ఐ7 అన్న పేరు ఉన్నా అది ప్లేస్టేషన్ 5 ప్రాసెసర్‌కు సరితూగదు, విండోస్ 11 అధికారిక జాబితాలోనూ దానికి చోటు లేదు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు పక్కన జీటీ 730 అని వస్తే, దాంతో ఈ కాలపు గేముల గురించి ఆలోచించనవసరం లేదు. కార్డు మీది జీబీలు దాని మెమరీని చెబుతాయే గానీ బలాన్ని చెప్పవు.

విడిగా కార్డు లేకుండా ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జీ వంటి వాటిని కూడా గేమింగ్‌కు సరిపోతాయని చెబుతుంటారు. చదువుకు, కోడింగ్‌కు అది చక్కటి ఎంపిక, చదువే ప్రధానమైతే నేనూ దాన్నే సూచిస్తాను. కానీ దాని గ్రాఫిక్స్ బలం లెక్క కడితే 1.7 టెరాఫ్లాప్స్; 2013 నాటి ప్లేస్టేషన్ 4ది 1.84. మెమరీ సంగతి మరీ తేడా: రెండు డీడీఆర్4 3200 ర్యామ్ స్టిక్కులు కలిసి సెకనుకు 51.2 జీబీ అందిస్తాయి, ప్లేస్టేషన్ 5లో అది 448 జీబీ. షాపువారు 16 జీబీని ఒకే స్టిక్‌గా బిగిస్తే ఆ 51.2 కూడా సగానికి పడిపోతుంది. కాబట్టి ఏ కంప్యూటర్ తీసుకున్నా, ఎనిమిదేసి జీబీల రెండు స్టిక్కులు వేయమని గట్టిగా చెప్పండి.

ఎవరికి ఏది తగునన్న విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఇంట్లో చదువుకు ల్యాప్‌టాప్ గానీ కంప్యూటర్ గానీ ఇప్పటికే ఉండి, హాల్లో మంచి టీవీ ఉండి, కథ ఉన్న పెద్ద గేములు, ఫుట్‌బాల్, కార్ల రేసులు ఆడాలన్నదే కోరిక అయితే కన్సోల్ తీసుకోండి. అదే స్థాయి గ్రాఫిక్స్‌తో కొత్త విడిభాగాలు కొని కంప్యూటర్ కట్టించడం ఆ ధరలో చాలా కష్టం. ఇంట్లో మరో కంప్యూటర్ లేకపోతే మాత్రం కన్సోల్ ఆలోచన మానుకోవాలి. ప్లేస్టేషన్ ప్రాసెసర్ ఎంత బలమైనదైనా దాని మీద ఆండ్రాయిడ్ స్టూడియో నడవదు, ఆటోక్యాడ్ తెరుచుకోదు, రికార్డు రాసుకోవడానికి కూడా పనికిరాదు. మొదటి సంవత్సరం విద్యార్థికి రైజెన్ 5 5600 లేదా ఐ5 12400ఎఫ్, రెండు స్టిక్కుల్లో 16 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీ ఒకటి, బడ్జెట్‌ను బట్టి ఆర్ఎక్స్ 6600 నుంచి ఆర్‌టీఎక్స్ 3060 స్థాయి వరకు ఒక కార్డు సరిపోతాయి. ఐతే ఈ రెండు ప్రాసెసర్లలోనూ సొంత గ్రాఫిక్స్ లేదు కనుక, కార్డు తర్వాత కొందామని వాయిదా వేస్తే తెరపై బొమ్మే రాదు. వాయిదా వేయక తప్పదనుకుంటే 5600జీ గానీ, ఎఫ్ అక్షరం లేని 12400 గానీ తీసుకోవాలి.

సెకనుకు 144 ఫ్రేముల మానిటర్ మీద కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలు ఆడేవారి విషయంలో చర్చే అవసరం లేదు. ఆ గేము కన్సోళ్లకు రాలేదు. పైగా ఈ రకం ఆటల్లో గ్రాఫిక్స్ కంటే ముందు ప్రాసెసరే చేతులెత్తేస్తుంది కనుక, కార్డులో కొంత తగ్గించి అయినా ప్రాసెసర్ మీద పెట్టడం మంచిది. మీ దగ్గర ఇప్పటికే ఉన్న కంప్యూటర్‌లో ఏది అడ్డుపడుతోందో తెలుసుకోవడం కూడా తేలికే. గేములో రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి తగ్గించి చూడండి. ఫ్రేములు గణనీయంగా పెరిగితే కార్డు మార్చాలి, పెరగకపోతే చాలావరకు ప్రాసెసర్ మార్చాలి.

మార్చుకునే వీలు కంప్యూటర్‌కు ఉన్న గొప్ప సౌలభ్యం. ఏఎమ్‌డీ ప్రాసెసర్ల కోసం 2017లో కొన్న బీ350 రకం మదర్‌బోర్డుల్లో చాలావాటికి 2022లో బయాస్ (బోర్డులోనే ఉండే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వచ్చి, వాటిలో జెన్ 3 ప్రాసెసర్లు బిగించుకోవడం వీలైంది. అయిదేళ్ల పాత బోర్డు మీదే ప్రాసెసర్ బలాన్ని ఎంతో పెంచుకున్నారు. ప్లేస్టేషన్ 5లో ఎస్ఎస్‌డీ అదనంగా వేసుకోవచ్చు, ప్రాసెసర్ జోలికి వెళ్లలేము.

ఖర్చు విషయంలో పెట్టె ధర ఒక్కటే చూడకూడదు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో మొదట డిస్క్ మోడల్ 49,990 రూపాయలకు వచ్చింది, 2022 చివర్లో 54,990 అయింది. కంప్యూటర్ విడిభాగాల ధరలు, ముఖ్యంగా ర్యామ్, ఎస్ఎస్‌డీల ధరలు, నెలనెలా మారుతుంటాయి కనుక కొనే వారంలోనే కొటేషన్ తీసుకోవాలి. కన్సోల్‌లో డబ్బు పెట్టి కొన్న గేములను ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే చందా కట్టాలి, కంప్యూటర్‌లో సాధారణంగా అక్కర్లేదు. కంప్యూటర్‌కు గేములు డిస్కౌంట్లలో చవకగా దొరుకుతాయి. అయితే డిస్క్ డ్రైవ్ ఉన్న కన్సోల్ కొన్నవారు ఆడేసిన డిస్కును అమ్ముకోవచ్చు, స్నేహితులతో మార్చుకోవచ్చు. ఈ ఒక్క కారణంతోనే, కొంచెం ఎక్కువైనా డిస్క్ ఉన్న మోడల్‌నే తీసుకోమని చెబుతాను.

కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందన్నది మన ప్రాంతంలో వదిలేయకూడని ప్రశ్న. పైన చెప్పిన కంప్యూటర్ ఆట సమయంలో మానిటర్‌తో కలిపి సుమారు 300 వాట్లు తీసుకోవచ్చు. షాపుల్లో చవకగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్‌లు సుమారు 360 వాట్లకే పరిమితం కనుక మీద పడే భారం అంచుల్లో ఉంటుంది, 1 కేవీఏది తీసుకుంటే నిశ్చింత. ప్లేస్టేషన్ 5 ఆటలో సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేటట్లయితే అది సైన్ వేవ్ ఇన్వర్టరై ఉండి, యూపీఎస్ మోడ్‌లో పెట్టి ఉండాలి.

వేడి సంగతి అంతకంటే ముఖ్యం. ప్లేస్టేషన్ 5 సూచనల పుస్తకం ప్రకారం అది పనిచేయదగిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది మధ్యాహ్నం వేళ ఆ హద్దును సులభంగా దాటేస్తుంది. ఆ కన్సోల్ ప్రాసెసర్ వేగం చేస్తున్న పనిని బట్టి మారుతుందే తప్ప ఉష్ణోగ్రతను బట్టి మారదని దాని రూపకర్త మార్క్ సెర్నీ 2020లోనే వివరించారు. అందువల్ల ఎండాకాలంలో ఆట నెమ్మదించదు, ఫ్యాన్ హోరెత్తుతుంది, అదీ చాలకపోతే హెచ్చరిక ఇచ్చి ఆగిపోతుంది. కంప్యూటర్ ప్రాసెసర్ దీనికి భిన్నంగా, వేడెక్కినకొద్దీ వేగం తగ్గించుకుంటూ నడుస్తుంది కాబట్టి, జనవరిలో వచ్చిన ఫ్రేములు మేలో రాకపోవచ్చు. కన్సోల్‌ను అద్దాల తలుపులున్న టీవీ షోకేసులో పెట్టకండి. చుట్టూ గాలి ఆడేలా ఉంచి, పక్క మూత తీస్తే కనిపించే దుమ్ము పట్టే రంధ్రాలను ఎండాకాలానికి ముందొకసారి వాక్యూమ్‌తో శుభ్రం చేయండి. కంప్యూటర్ కట్టించుకునేవారు ముందు భాగమంతా గాజు పలకతో మూసేసిన రంగుల లైట్ల క్యాబినెట్‌కు బదులు జాలీ ఉన్నది అడగండి, బాక్సులో వచ్చే చిన్న కూలర్‌కు బదులు కొంచెం పెద్ద టవర్ కూలర్ వేయించండి.